అక్క కనురెప్పలు

మంగళవారం, రాత్రి పదిన్నర

ఇవాళ సెలవు పెట్టి అక్కని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చూపు కోసం కాదు. పైరెప్పల మీద చర్మం జారి మడత పడింది, కాటుక పెట్టిన గంటకే ఆ మడతకి అంటుకుంటోంది. కనబడిన వాళ్లంతా "ఏంటలా ఉన్నారు, నిద్ర లేదా?" అంటున్నారట. అమ్మాయి పెళ్లి ఇంకా 24 రోజులే ఉంది. ఈలోపు ఆపరేషన్ చేయించేసుకుంటే ఫోటోల్లో బాగుంటానని తన ఆశ.

పోయిన వారం ఒక్కతే ఏదో బ్యూటీ క్లినిక్‌కి వెళ్లొచ్చింది. పావుగంటలో రేటు చెప్పి, తారీఖు కూడా ఇచ్చేశారు. ఏం మందులు వాడుతున్నారని ఒక్క మాట అడగలేదట. గుండెకి స్టెంట్ వేసిన దగ్గర్నుంచి అక్క రోజూ ఎకోస్ప్రిన్ వేసుకుంటోంది, రక్తం పలచబడే మందు. అది విన్నాక నాకు రెండు రోజులు ఒకటే టెన్షన్.

ఇవాళ చూసినావిడ కంటి డాక్టరే, రెప్పల సర్జరీల్లో స్పెషలిస్టు. ముందు అక్క పాత ఫోటో అడిగారు. తర్వాత కనుబొమ్మని వేలితో పైకెత్తి చూశారు. చర్మం సాగితే ఒక ఆపరేషన్, రెప్పని ఎత్తే కండరం వదులైతే వేరే ఆపరేషన్ అట. కనుబొమ్మే కిందికి దిగిన వాళ్లకి చర్మం ఒక్కటే కోసేస్తే కనుబొమ్మ ఇంకా కిందికొచ్చి, ముఖం మరింత బరువుగా కనిపించొచ్చట. అక్కకి మాత్రం చర్మమే.

"కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందామ్మా?" అని అడిగారు. అక్క తలూపింది. నాకెప్పుడూ చెప్పలేదు! సన్నటి కాగితం పట్టీ కింది రెప్పలో తగిలించి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. కన్నీటికి ఆ కాగితం కనీసం 10 మిల్లీమీటర్లైనా తడవాలట. కుడికంటికి 7, ఎడమకంటికి 5 వచ్చింది.

అప్పుడు డాక్టర్ చెప్పింది ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. రెప్ప వాల్చిన ప్రతిసారీ కన్నీటిని కంటి మీద పూస్తుంది. చర్మం కాస్త ఎక్కువ తీస్తే కన్ను పూర్తిగా మూసుకోదు, ఇప్పటికే పొడిగా ఉన్న కన్ను ఇంకా మండుతుంది. తక్కువ తీస్తే మళ్లీ తీయొచ్చు. ఎక్కువ తీస్తే సరిచేయడం చాలా కష్టం, ఒక్కోసారి వేరే చోటి చర్మం తెచ్చి అతకాల్సి వస్తుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి రక్తస్రావం భయం ఉంటుంది. చాలా అరుదుగానైనా, కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చు. అలాగని ఎకోస్ప్రిన్ సొంతంగా ఆపేయకూడదు, గుండె డాక్టర్ చెబితేనే.

"పెళ్లిలోపు అవుతుందా?" అని అక్క మెల్లగా అడిగింది.

కుట్లు వారంలో తీసేస్తారు, వాపూ కమిలిన మచ్చలూ తగ్గడానికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కోసిన చోట గీత ఎరుపు పోవడానికి నెలలు పడుతుంది. ముహూర్తం ముందు పెట్టుకునే పని కాదన్నారు. చుక్కల మందు రాసి, కన్ను కుదుటపడ్డాక రమ్మన్నారు.

ఆటోలో అక్క ఏమీ మాట్లాడలేదు. ఇంటి సందు మొదట్లో, "అమ్మ కళ్లు కూడా చివర్లో ఇలాగే ఉండేవి కదే" అంది. ఉండేవి. కానీ అమ్మ కళ్లు బాగాలేవని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ మాట పైకి అనలేకపోయాను. అక్కకి కావాల్సింది నా మెప్పు కాదు, అద్దంలో తన ముఖం తనకి నచ్చడం. అందులో తప్పేముంది? పెళ్లయ్యాక, కళ్లు బాగయ్యాక చేయించుకుంటానంటే నేనే పక్కన ఉంటాను.

డాక్టర్ నాకూ ఒక పని అప్పగించారు. కొంతమందికి నిద్రలో రెప్పలు పూర్తిగా పడవట, గమనించమన్నారు. ఇందాక వెళ్లి చూశాను. చుక్కల మందు సీసా దిండు పక్కనే పెట్టుకుని పడుకుంది. మంచం పక్కన వంగి, సెల్‌ఫోన్ వెలుతురు గోడ మీద పడేలా పట్టుకుని చూశాను. కుడికన్ను పూర్తిగా మూసుకుంది. ఎడమకంట్లో మాత్రం సన్నని తెల్ల గీత. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి.