ఫ్లింట్‌లాక్ కడగడానికి సబ్బునీళ్లు చాలు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్ తుపాకులతో, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకులతో, జింకల వేటకు ప్రత్యేకంగా ఒక సీజన్ ఉంటుంది. వేట కన్నా, ఇంటికొచ్చాక తుపాకీ శుభ్రం చేయడమే నాకు ఎక్కువ ఇష్టం. ఆ పని నేర్పింది మా పక్కింటి పెద్దాయన. ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

ఈ తుపాకుల్లో వాడే నల్ల తుపాకీమందంటే సూరేకారం, బొగ్గు, గంధకం. కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో పోతుంది, మిగతాది లవణాలుగా గొట్టానికి అంటుకుంటుంది. ఆ లవణాలు గాలిలో తేమ పీల్చి ఇనుమును తినేస్తాయి. అవి కరిగేది నీళ్లలోనే, మామూలు నూనెలో కాదు.

అందుకే ముందు లోపల మందు లేదని రాడ్‌తో చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెల సబ్బు కలిపి గుడ్డముక్కలతో తోముతాను. మొదటి గుడ్డ నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా ఆపను. మరిగే నీళ్లు మాత్రం వద్దు, క్షణాల్లో పల్చటి తుప్పు లేస్తుంది.

షూటింగ్ రేంజ్‌లో అయితే 'మూస్ మిల్క్' వాడతాను. ఏడు పాళ్లు నీళ్లకు ఒక పాలు బాలిస్టాల్ అనే, నీళ్లలో కలిసే తుపాకీ నూనె కలిపితే తెల్లటి ద్రవం తయారవుతుంది. నీళ్లు ఆరిపోయాక నూనె పొర నిలుస్తుంది, చాలా మంచి ఉపాయం! మర్ఫీ ఆయిల్ సోప్, రబ్బింగ్ ఆల్కహాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సమానంగా కలిపేవాళ్లూ ఉన్నారు. పెరాక్సైడ్ నేను దగ్గరకు రానివ్వను. అది ఇనుముకు తుప్పు తెస్తుంది, పైగా మూత బిగిస్తే సీసా ఉబ్బుతుందని టెన్షన్.

చివరగా పొడిగా తుడిచి నూనె పట్టిస్తాను. మర్నాడు ఇంకో గుడ్డ పంపి చూస్తాను. ఎర్రటి మరక కనిపిస్తే మళ్లీ మొదటినుంచీ కడగాల్సిందే.