గద్ద ముక్కు కథ, గుడ్లగూబ ఉండలు

గద్దకి 40 ఏళ్లు వచ్చేసరికి ముక్కు వంకర తిరిగిపోతుందట. కొండెక్కి దాన్ని రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు మొలిచాక ఇంకో 30 ఏళ్లు బతుకుతుందట. ఈ కథ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. మొన్న మా హైస్కూల్లో ప్రార్థన దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి దీన్నే ‘నేటి మంచి మాట’గా చదివింది. చప్పట్లే చప్పట్లు. జీవశాస్త్రం చెప్పేదాన్ని, నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ పిల్లని చిన్నబుచ్చడం ఎందుకని నా పీరియడ్ దాకా ఆగాను.

క్లాసులో ఒక్కటే అడిగాను: “ముక్కు ఊడగొట్టుకుంటే, మళ్లీ మొలిచేదాకా ఏం తింటుందర్రా?”

“కొబ్బరినీళ్లు తాగుతుందేమో మేడమ్” అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

గద్ద ముక్కు లోపల ఎముక ఉంటుంది. పైన కెరాటిన్ తొడుగు, మన గోళ్లలో ఉండేదే. అది అరుగుతూ, పెరుగుతూ ఉంటుంది. మొత్తం ఊడిపోతే ఆకలికి చావడమే. 70 ఏళ్ల మాటా ఉత్తదే. అమెరికాలో కాలికి రింగు తొడిగి లెక్క తేల్చిన తెల్లతల గద్దల్లో, అంటే బాల్డ్ ఈగిల్స్‌లో రికార్డు 38 ఏళ్లు. ఆ పక్షి కూడా 2015లో కారు గుద్ది పోయింది. “మరి యూట్యూబ్‌లో చెప్పారు కదా మేడమ్” అని ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. యూట్యూబ్ ఆయనకి పరీక్ష ఎవరు పెడతారు!

అందుకే బయటికి తీసుకెళ్లాను. మాది కైకలూరు వైపు. చేపల చెరువు పట్టుబడి ఉందంటే చాలు, ఆకాశం నిండా గద్దలే. తోక చివర నొక్కుంటే మామూలు నల్ల గద్ద. తోక గుండ్రంగా, తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉంటే గరుడపక్షి. దాని పిల్లలు మాత్రం గోధుమ రంగులో ఉండి మోసం చేస్తాయి. అప్పుడు రంగు వదిలేసి తోకే చూడమన్నాను.

అసలు మజా మాత్రం మూతబడ్డ రైసుమిల్లులో దొరికింది. అక్కడ చావుపిట్టలు, అదే తెల్ల గుడ్లగూబలు, కాపురం ఉంటున్నాయి. దూలం కింద బొటనవేలంత నల్లటి ఉండలు. “ఛీ, రెట్ట” అన్నారు పిల్లలు. రెట్ట కాదు. ఎలుకని గుటుక్కున మింగేసి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. పగటి వేటపక్షులూ కక్కుతాయి గానీ, వాటి కడుపులో ఆమ్లం ఘాటు ఎక్కువ కాబట్టి ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గుడ్లగూబ ఉండలో పుర్రెతో సహా దొరుకుతాయి.

చేతులకి గ్లౌజులు, మూతికి మాస్కులు. ఉండల్ని డెటాల్ నీళ్లలో నానబెట్టి, పేపరు మీద చీపురుపుల్లలతో విడదీశారు. ముందు బూడిదరంగు బొచ్చు, తర్వాత సూదుల్లాంటి పక్కటెముకలు, ఆ తర్వాత నారింజరంగు పళ్లతో ఒక పుర్రె. మాంసం కొట్టు వాళ్లబ్బాయి కింది దవడలు ఏరి వరసగా పెట్టి, “మేడమ్, ఎడమవే మూడున్నాయి. అంటే తక్కువలో తక్కువ మూడెలుకలు” అన్నాడు. నేను చెప్పలేదు, వాడే పట్టుకున్నాడు. లెక్కల్లో వాడికి ఎప్పుడూ అత్తెసరు మార్కులే మరి!

చావుపిట్టని ముట్టుకున్నారని ఒకరిద్దరి ఇళ్లలో నానమ్మలు తిట్టారట. పిల్లలు ఆ దవడల్ని అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తీసుకెళ్లి మరీ చూపించారు.

ఆఖర్న ఒక అమ్మాయి అడిగింది: “మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే?”

చేలో పెట్టే కొన్ని మందులు ఎలుకని వెంటనే చంపవు. రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్నాళ్లకి చంపుతాయి. ఈలోపు సోలిపోయి తిరిగే ఎలుకే సులువుగా దొరుకుతుంది. ఆ మందు గుడ్లగూబకీ ఎక్కుతుంది. మందు బదులు ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలు పెట్టొచ్చు, గుడ్లగూబలు వాలడానికి చేలో టీ ఆకారంలో కర్రలు పాతొచ్చు అని చెప్పాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “మా నాన్నకి మీరే చెప్పండి మేడమ్. నేను చెబితే ముందు నీ లెక్కలు చూసుకో అంటాడు” అంది.