గండికోటలో ఉరిసిన ట్రైలర్

అనంతపురంలో బయలుదేరి తాడిపత్రి మీదుగా గండికోట చేరి, అక్కడి నుంచి బెలుం గుహలు చూసి రావాలనేది మా ఆలోచన. లాడ్జీలతో పని లేకుండా బొలెరో వెనక తగిలించుకుని పోయే ట్రైలర్ ఇల్లు మాకుంది. బెంగళూరులో ఒకాయన ముచ్చటపడి కట్టించుకుని, తర్వాత వాడలేక అమ్మేస్తే కొన్నాం. ఇనుప పైపుల చట్రం, దాని మీద ప్లైవుడ్, ఆ పైన రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకులు. పైకప్పు నడుమ గాలి కోసం ఎత్తి మూసుకునే చిన్న కిటికీ. నేను, నా భార్య, మా బావమరిది, ముగ్గురం.

తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాం. ఆ శిల్పాల గురించి ఇక్కడ రెండు ముక్కల్లో రాస్తే అన్యాయమవుతుంది. జమ్మలమడుగు దాటి గండికోట చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న చేసుకున్న లోయ అంచున చీకటి పడేదాకా కూర్చున్నాం. ఎన్నిసార్లు చూసినా ఆ ఎర్రరాతి గోడల ముందు మాట రాదు.

ఏ జాములోనో వాన అందుకుంది. సీమలో వాన పడుతోందంటే సంతోషించే ప్రాణం నాది. కానీ కాసేపటికే నా భార్య దుప్పటి తడిసింది. పడక పైన, మూలన, ఒక్కో చుక్కా పడుతోంది. గిన్నె పెట్టాం. తెల్లారి చూస్తే లోపలి ప్లైవుడ్ మీద గోధుమరంగు మరక. బొటనవేలితో నొక్కితే మూలన గట్టిగానే ఉంది. నడిమి కిటికీ దగ్గర మాత్రం మెత్తగా దిగింది.

జమ్మలమడుగులో లారీలకు బాడీలు కట్టే షెడ్డుకు తీసుకుపోయాం. మేస్త్రీ నిచ్చెనెక్కి చూసి, మరక వైపు తలెత్తనైనా ఎత్తకుండా అన్నాడు: "కారేది ఈడ కావచ్చు సార్, దూరేది ఈడ కాదు. పైపు ఎంబడి యాడికైనా పోతాయి నీళ్లు."

దాన్ని కనిపెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. బావమరిది టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాడు. మేస్త్రీ మగ్గుతో నీళ్లు పోయడం పైకప్పు వాలులో కింది అంచు నుంచి మొదలుపెట్టాడు. ఒక చోట పోసి ఆగుతాడు, లోపలి నుంచి కేక రాకపోతే కాస్త పైకి జరుగుతాడు. ముందే పైన పోస్తే నీళ్లు కింది అతుకులన్నిటి మీదుగా పారి, ఏది దొంగో తెలియదు. కిటికీ చట్రం దగ్గరికి రాగానే "వచ్చె, వచ్చె!" అని బావమరిది అరిచాడు. చట్రం పక్కన దూరిన నీరు పైపు వెంట నడిచి, పడక మూలన దిగుతోంది.

చట్రం చుట్టూ పాత యజమాని పూయించిన పూతలు ఒకదానిమీదొకటి ఉన్నాయి. సిలికాన్, దాని మీద ఎం-సీల్, ఆ పైన మళ్లీ సిలికాన్. సిలికాన్ మీద ఇంకేదీ సరిగా పట్టదు. గట్టిపడే ముద్దలైతే రేకు కదిలినప్పుడు పగులుతాయి. అల్యూమినియం ఎండకు బాగా సాగే లోహం. నాలుగు మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాకు మూడున్నర మిల్లీమీటర్లకు పైగానే పెరుగుతుంది. కడప ఎండలో రేకు మధ్యాహ్నం కాలిపోయి రాత్రికి చల్లారుతుంది కాబట్టి, అతుకులు రోజూ ఈ ఈడ్పులాటను తట్టుకోవాలి. కారే పైకప్పు మీద రంగు డబ్బా తెచ్చి పూసేస్తే పని అయిపోతుందనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పూత అతుకును మూయలేదు. ముందు అతుకు, తర్వాతే పూత.

పాత సరుకంతా బ్లేడుతో గీకి, స్పిరిట్ గుడ్డతో తుడిచారు. తుప్పు పట్టిన స్క్రూలు తీసేశారు. విదేశాల్లో చాలా ట్రైలర్లకు ఈపీడీఎం అనే రబ్బరు కప్పు ఉంటుంది. దానికి పెట్రోలు, థిన్నర్ లాంటివి తగిలితే ఉబ్బి చెడిపోతుంది. మాది రేకు కాబట్టి ఆ భయం లేదు. మెత్తబడిన ప్లైవుడ్ ముక్క కోసి, కొత్తది వేసి, లోపలి తడి ఆరేదాకా ఫ్యాను పెట్టారు. తడి లోపలే ఉండగా పైన మూసేస్తే కట్టె కుళ్లుతుంది. కిటికీ చట్రం కింద బ్యూటైల్ టేపు, అంటే మెత్తగా జిగటగా ఉండే రబ్బరు పట్టీ, వేసి, స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించి, వాటి తలల మీద, అంచుల మీద, రేకుల అతుకుల మీద సాగే గుణమున్న పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్, అంటే సందులు మూసే ముద్ద, పూశారు. అది గాలిలోని తేమతో పై నుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు చొప్పున గట్టిపడుతుంది. అందుకే ఆగాల్సి వచ్చింది.

ఆగిన చోటే ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట దొరికింది. మేస్త్రీ వాళ్ల నాయన షెడ్డుకు సంగటి క్యారియర్ తెచ్చి, మా పైకప్పు చూసి, "గవాచి కాడ ఉరిసిందా?" అన్నాడు. ఆయన పుట్టింది మట్టిమిద్దెలో. దూలాలు, దంతెలు, కట్టెలు పేర్చి, మట్టి వేసి, పైన చౌడు పరిచిన ఇల్లు. వెలుతురుకు మిద్దెలో వదిలే కంతే గవాచి. "ఏ ఏటికాయేడు వానలకు ముందే గడ్డి పీకి, కొత్త చౌడు తోలి తొక్కల్ల నాయనా. నడిమిద్దె ఎప్పుడూ ఉరవదు. గవాచి అంచు, గోడ అంచు, అయ్యే ఉరిసేది" అన్నాడు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే ఆ బంకమన్ను ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీరు కిందికి దిగదు. ఊరి పక్క పొలాన్ని పాడుచేసే మన్నును సీమవాళ్లు ఇంటి మీదికెక్కించి వానను ఆపుకున్నారు. ఆ తెలివికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా నమ్మకం. ఆయనను ఇంకా చాలా అడిగాను. విసుక్కోకుండా చెప్పాడు.

సీలెంట్ గట్టిపడ్డాక ప్రైమర్ వేసి, తెల్లటి సాగే పూత రోలర్‌తో రెండు కోట్లు వేశారు. మొదటిది నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. అప్పుడు రోలర్ వదిలేసిన చోట్లు కనబడతాయి. పొద్దున్నే, రేకు కాలకముందే పని ముగించారు. కాలుతున్న రేకు మీద పూత పైపైనే ఆరిపోయి బుడగలు లేస్తుంది.

బెలుం గుహల దగ్గరికి చేరిన సాయంత్రమే వాన పడింది. జోరువాన. బావమరిది టార్చితో మూలమూలా వెతికాడు. ప్లైవుడ్ పొడిగా ఉంది. మధ్యాహ్నపు ఎండకు కూడా లోపల మునుపటంత ఉడుకు లేదు, తెల్లపూత ఎండను తిప్పికొడుతుంది కదా. పక్క కిటికీల రబ్బర్లు మాత్రం పాతవే. ఆ కొలతవి జమ్మలమడుగులో దొరకలేదు. అనంతపురంలో వెతికించి, చైత్రం రాకముందే మార్పించి, అప్పుడే పైకప్పు అతుకులు కూడా మరోసారి చూపించాలి.