పన్నెండో వారంలో ఇచ్చిన రక్తం

నేను ఎనిమిదో నెలలోనే పుట్టాను. అమ్మకి కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టకపోతే "నీరు దిగింది, అందరికీ ఉండేదే" అన్నారట. రెండ్రోజులకి ఫిట్స్ వచ్చాయి. మా ఇంట్లో దాన్ని గుర్రపువాతం అంటారు. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు; దానికి ముందు, గర్భంలో బీపీ పెరిగే జబ్బు ప్రీఎక్లాంప్సియా. నన్ను దూదిలో చుట్టి పెట్టారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అందుకే నాకు నెల తప్పగానే డాక్టరమ్మకి మొదట ఈ సంగతే చెప్పాను. "పన్నెండో వారంలో డబుల్ మార్కర్‌కి రక్తం తీస్తాం కదా, దాంతోపాటే పీఎల్‌జీఎఫ్ కూడా చూద్దాం" అన్నారు. డబుల్ మార్కర్ చేయిస్తే అన్నీ తెలిసిపోతాయనుకున్నాను. కాదట, అది ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్ లాంటి వాటి కోసం. పీఎల్‌జీఎఫ్ మాయ నుంచి వచ్చే ప్రోటీన్. గర్భసంచి రక్తనాళాలు సరిగా వెడల్పు కాక మాయకి రక్తం చాలకపోతే, బీపీ పెరగడానికి నెలల ముందే ఇది తగ్గుతుంది.

ఆ రోజు బీపీ చూసిన తీరు మర్చిపోలేను. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, రెండు చేతులకీ పట్టీలు కట్టి, రెండుసార్లు చూశారు. బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే ఎన్‌టీ స్కాన్‌లోనే గర్భసంచి రక్తనాళాల డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) కూడా చేశారు. అమ్మ సంగతి, నా వయసు, బరువు, ఇవన్నీ కలిపే లెక్క కడతారు.

రిపోర్టులో ప్రీఎక్లాంప్సియా రిస్క్ 62లో 1 అని ఉంది. 100లో 1 దాటితే హై రిస్క్. నాకు చేతులు చల్లబడ్డాయి. "62 మందిలో 61 మందికి దీనివల్ల 37 వారాల లోపు కాన్పు చేయాల్సిన అవసరం రాదమ్మా. అయినా వదిలేయం" అన్నారు డాక్టరమ్మ. ఆ రాత్రి నుంచే ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు, 36వ వారం దాకా. 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఈ మాత్రతో 60 శాతానికి పైగా తగ్గింది.

"అది మీ మామయ్య వేసుకునే గుండె మాత్ర కదా!" అని అత్తయ్య కంగారుపడ్డారు. ఆవిణ్ణి తర్వాతి చెకప్‌కి వెంట తీసుకెళ్లాను. డాక్టరమ్మ నోటితో విన్నాక, రోజూ రాత్రి మాత్ర గుర్తుచేసింది ఆవిడే.

34వ వారంలో ఒక సాయంత్రం బీపీ 140/90 చూపించింది. యూరిన్‌లో ప్రోటీన్ లేదు. ఈసారి ఎస్‌ఫ్లిట్-పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి చూశారు. ఎస్‌ఫ్లిట్ కూడా మాయ నుంచి వచ్చే ప్రోటీనే, కానీ ఈ జబ్బులో అది పెరుగుతుంది. 38 లోపే వచ్చింది కాబట్టి ఈ వారానికి పెద్దగా భయం లేదన్నారు. అయినా అమ్మ రోజూ పొద్దున్నే నా చెప్పుల పట్టీలోకి వేలు దూర్చి చూసేది, బిగుతయ్యాయేమోనని.

38వ వారంలో కాన్పయింది. మాత్ర వల్లే గండం గడిచిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. పాపని చేతికివ్వగానే అమ్మ ముందు అడిగింది బరువెంతని.

2.7 కిలోలు.