రిజిస్ట్రీ ఒప్పందానికి ఏ దేశపు చట్టం?

2012 విడతలో వచ్చిన కొత్త టాప్ లెవెల్ డొమైన్లను (.com లాగా వెబ్ చిరునామా చివర వచ్చే పేర్లు) నడిపే సంస్థలే రిజిస్ట్రీలు. వాటితో చేసుకోవడానికి, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ తయారుచేసిన మూల రిజిస్ట్రీ ఒప్పందంలో ఎంత వెతికినా 'ఫలానా చట్టం వర్తిస్తుంది' అన్న వాక్యం దొరకదు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తులు తీర్పు చెప్పే పద్ధతి) ఐసీసీ, అంటే అంతర్జాతీయ వాణిజ్య మండలి, నియమాల కింద లాస్ ఏంజెలిస్ కౌంటీలో జరగాలని మాత్రం 5వ అధికరణంలో ఉంది. ప్రభుత్వాలు, అంతర్ ప్రభుత్వ సంస్థల కోసం జెనీవా వేదికగా వేరే పాఠం ఉంది.

లాస్ ఏంజెలిస్ అని ఉంది కాబట్టి కాలిఫోర్నియా చట్టమేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆర్బిట్రేషన్ ఎలా నడవాలో, తీర్పును ఏ కోర్టు కొట్టేయగలదో వేదికను బట్టి ఉంటుంది. షరతులకు అర్థం చెప్పేది వర్తించే చట్టం. అది రాసుకోకపోతే, ఐసీసీ నియమాల 21వ అధికరణం ప్రకారం తమకు తగినదని తోచిన చట్టాన్ని ఆర్బిట్రేటర్లే ఎంచుకుంటారు. పదేళ్ల ఒప్పందం ఏ చట్టం కింద నడుస్తోందో గొడవ వచ్చాకే తేలుతుందన్నమాట.

తేడా చిన్నది కాదు. నష్టపరిహారానికి పెట్టిన పరిమితినే తీసుకోండి. స్విస్ ఆబ్లిగేషన్స్ కోడ్ 100వ అధికరణం ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యానికి బాధ్యత ఉండదని ముందే రాసుకున్నా చెల్లదు. జర్మన్ చట్టమైతే ఒక పక్షం ముందే అచ్చువేసి ఇచ్చిన షరతులను, రెండు వ్యాపార సంస్థల మధ్య కూడా, న్యాయంగా ఉన్నాయా లేదా అని పరిశీలిస్తుంది. అందరికీ ఒకే నమూనా ఇచ్చే ఐకాన్‌కు ఇది పెద్ద విషయమే.

ఐకాన్ జవాబుదారీతనంపై పనిచేసిన బృందం 2018 నివేదికలో ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. కొన్ని చట్టాల జాబితా నుంచి రిజిస్ట్రీయే ఎంచుకోవడం అందులో ముఖ్యమైన మార్గం. కొన్ని అంశాలకు రిజిస్ట్రీ దేశపు చట్టం, మిగతావాటికి అందరికీ ఒకే చట్టం అనేది ఇంకొకటి. నా ఓటు ఈ రెండోదానికే. డేటా ఎస్క్రో (డేటా నకలును మూడో పక్షం దగ్గర భద్రపరచడం), డీఎన్ఎస్ (పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే వ్యవస్థ) లభ్యత లాంటి సాంకేతిక బాధ్యతలకు వందల రిజిస్ట్రీల్లో వందరకాల అర్థాలు రాకూడదు. అయితే ఏ సెక్షన్ ఏ చట్టం కిందో నంబర్లతో రాయకపోతే, ఆ సరిహద్దు మీదే మొదటి తగాదా మొదలవుతుంది.

ఏ చట్టం ఎంచుకున్నా తప్పని చట్టాలు కొన్ని ఉంటాయి. 2018 మేలో ఐరోపా సమాఖ్య వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి రాగానే, పరిపాలన, సాంకేతిక సంప్రదింపు వివరాల సేకరణ ఆపేసిన ఒక జర్మన్ రిజిస్ట్రార్‌పై (డొమైన్ పేర్లను వినియోగదారులకు అమ్మే సంస్థ) ఐకాన్ బాన్ కోర్టుకు వెళ్లింది. ఆ సేకరణ కొనసాగించమని ఆదేశించడానికి కోర్టు ఒప్పుకోలేదు. అలాగే స్విస్ చట్టం రాసుకున్నంత మాత్రాన, కాలిఫోర్నియా సంస్థ అయిన ఐకాన్‌కు అమెరికా ఆంక్షల నుంచి విడుదల రాదు.

ఐకాన్ నమూనాను మార్చడం మన చేతిలో లేకపోయినా, రిజిస్ట్రీ సాంకేతిక పనులు చేసిపెట్టే సంస్థతో కుదుర్చుకునే బ్యాకెండ్ సేవల ఒప్పందం మన చేతిలోనిదే. అందులో 'అమెరికా చట్టం' అని రాయకండి. అక్కడ కాంట్రాక్ట్ చట్టం ప్రధానంగా రాష్ట్రాలది, కాబట్టి రాష్ట్రం పేరు ఉండాలి. చట్టాల ఎంపిక సూత్రాలు వర్తించవని చేర్చండి. లేకపోతే ఎంచుకున్న చట్టమే మరో దేశపు చట్టం వైపు చూపించవచ్చు. ఆర్బిట్రేషన్ షరతుకు ఏ చట్టమో విడిగా ఒక వాక్యం రాయండి. అది లేనప్పుడు, ఇంగ్లండ్ వేదికైతే, 2025 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం వేదిక చట్టమే ఆ షరతుకు వర్తిస్తుంది, మిగతా ఒప్పందానికి మీరు ఏది రాసుకున్నా సరే.