అనపకాయలు ఒలిచిన రోజు

మహబూబ్‌నగర్, సోమవారం రాత్రి.

పొద్దున నేను ఆశ్రమానికి వెళ్లేసరికి అవ్వ వరండాలో చాట ముందేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా కూర్చున్న ఆమెను పోలీసులు మా దగ్గరికి తెచ్చి ఈ రోజుకు 23 రోజులు. తన పేరు చెబుతుంది, కొడుకు పేరు చెబుతుంది. ఊరేదంటే మాత్రం "మా ఊరే బిడ్డా" అంటుంది. అంతకు మించి రాదు.

మొదటి వారంలోనే ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లాం. కొత్తగా నమోదు చేయబోతే పాత కార్డు ఉన్న సంగతి బయటపడి, అలా ఇల్లు చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. అవ్వ వేలిముద్రలు పడలేదు. మట్టి తట్టలు మోసి మోసి గీతలన్నీ అరిగిపోయాయి. కంటిపాపలతో చూద్దామంటే రెండు కళ్లకూ శుక్లాలు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు కూడా వివరాలన్నీ ఇచ్చాం. హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతటికీ వెళ్లిన నంబర్ అది. ఇక్కడి పోలీస్ స్టేషన్లలో ఆమె కోసం ఒక్క ఫిర్యాదూ లేదు.

కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. ఊరి పేరు అడగలేదు. తప్పిపోయినవాళ్లను ఇంటికి చేర్చే ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, పేర్లు మనం అందించకూడదని. దేవరకద్రనా, మక్తలా అని అడిగితే పెద్దవాళ్లు అన్నింటికీ తలూపుతారు. మనల్ని బాధపెట్టడం ఇష్టంలేక.

గేటు ముందు నుంచి జాతర బస్సు వెళ్లింది. లోపల ఎవరో గోవిందలు పెడుతున్నారు. అవ్వ చేతులు ఆగాయి.

"దేవుని చెప్పులు పోయినయా బిడ్డా?"

"ఏ చెప్పులవ్వా?"

"గవే, పెద్ద చెప్పులు. మా ఇంటి ముంగటికెల్లే పోతయి. కొబ్బరికాయ కొడ్తం."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఉద్దాలు! కురుమూర్తి స్వామికి ఏటా వడ్డెమాన్‌లో నియమంగా కుట్టి, ఊరేగింపుగా కొండకు తీసుకెళ్లే పాదుకలు. అవి పోయే దారిలో ఉన్న ఊళ్లెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 23 రోజులుగా జిల్లా మొత్తం వెతుకుతున్నాం, ఆమె ఇల్లేమో ఒక్క ఊరేగింపు దారి పక్కన ఉంది.

మధ్యాహ్నం ఫోన్లతోనే సరిపోయింది. ఆ దారిలోని పంచాయతీ కార్యదర్శులకు ఒక్కొక్కరికీ చేశాను. ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమని ఒకాయన మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండేళ్ల కింద ఒకావిడ ఫోటో అలా తిరిగితే, మావాళ్లేనంటూ మూడు కుటుంబాలు వచ్చాయి. ఒక్కటీ నిజం కాదు. దొరికిన మనిషి సరేనంటేనే చిరునామా ఇవ్వాలన్నది ఈ పనిలో రెడ్‌క్రాస్ పాటించే పద్ధతి. అది నాకు ప్రాణంతో సమానం. ఇల్లు దొరికినా ఇంటికి వెళ్లనని ఏడ్చినవాళ్లను చూశాను.

ఫోన్ల మధ్యలో జెనీవా కార్డులే గుర్తొచ్చాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే రెడ్‌క్రాస్ అక్కడ యుద్ధ ఖైదీల కోసం ఒక సంస్థ పెట్టింది. మా అబ్బాయి ఏడీ అని ఇంటివాళ్లు రాస్తే ఒక కార్డు. ఫలానా శిబిరంలో ఫలానా మనిషి ఉన్నాడని జాబితా వస్తే ఇంకో కార్డు. రెండూ ఒక్కచోట కలిసిన రోజు ఒక ఇంటికి ఉత్తరం వెళ్లేది. కంప్యూటర్ లేని కాలంలో 20 లక్షల మందికి పైగా మనుషుల జాడ అలా చేత్తో రాసి పెట్టారు. మా దగ్గర ఫోన్లున్నాయి, పోర్టళ్లున్నాయి. అయినా అవ్వ కార్డు మా బీరువాలోనే ఉంది. రెండో కార్డు ఎక్కడుందో రాత్రి గానీ తెలియలేదు.

ఎనిమిదిన్నరకు ఒక కార్యదర్శి ఫోన్ చేశారు. "మేడం, ఆ పేరుతో ఒక ఇల్లుంది. తాళం వేసుంది. గుంపు మేస్త్రి వెంట పుణె పనికి పోయినారట. ముసలామె అక్కడనే తప్పిపోయిందంటున్నరు. పక్కింటామె మాట్లాడుతది."

పుణెలో! కొడుకు అక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఉంటాడు. ఆమె ఎలాగో సొంత జిల్లా దాకా వచ్చేసింది. వెతికేవాళ్లు అక్కడ, దొరికిన మనిషి ఇక్కడ.

పక్కింటామె తొందరగా నమ్మలేదు. అదే మంచిది. "అక్కా, ఏమనుకోకు. ఆమె చేతికి పచ్చబొట్టు ఉన్నదా? ఏం బొమ్మ?"

రిజిస్టర్ తెచ్చుకుని మొదటి రోజు రాసిన వాక్యం చదివాను. "ఎడమ చేయి, మణికట్టుకు పైన, తేలు. తోక సగమే ఉంది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది. "ఉన్నదంట! పాలమూర్ల ఉన్నదంట!"

కొడుకు నంబర్ రేపు పొద్దున ఇస్తానంది. అతనితో మాట్లాడేదాకా అవ్వకు చెప్పదలుచుకోలేదు. వచ్చేముందు గదిలోకి తొంగి చూశాను. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది. తేలు కనబడలేదు.