చైన్ ఎంత వదులుండాలి

ఇక్కడ యూఏఈలోని ఫుజైరా గుట్టల్లో రాయిని నెట్టే డోజర్‌కు చక్రాల బదులు ఉండే ఇనుప చైన్ ఎన్ని గంటలు వస్తుందని మన పిల్లలు రాగానే అడుగుతారు. యంత్రం నడిచిన గంటల మీటర్ లెక్క చెప్పే ముందు కాళ్ల కింద ఉన్న రాయిని చూడమంటాను. ఇది గాబ్రో. హజర్ పర్వతాలు చాలా వరకు ఒకప్పటి సముద్రపు అడుగు నేలే, పైకి నెట్టుకొచ్చి గుట్టలయ్యాయి. నల్లటి రాయి, మహా గట్టిది, పగిలిన ప్రతి ముక్కకూ పదునైన అంచే. నేను పని నేర్చుకున్నది కరీంనగర్ దిక్కు టాన్ బ్రౌన్ గ్రానైట్ క్వారీల్లో. అక్కడ బండ చెడకుండా దిమ్మెలుగా తీస్తారు కాబట్టి పొక్లెయిన్ నిలబడి చేసే పనే ఎక్కువ. ఇక్కడ పేల్చిపారేసిన రాతి మీద నలభై యాభై టన్నుల డోజర్ షిఫ్టంతా ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. చైన్ అదే, దాని ఆయుష్షు మాత్రం వేరు.

అసలు చైన్ పుట్టింది రాతి కోసం కాదు. 1904 నవంబర్ 24న కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ ఆవిరి ట్రాక్టర్‌కు వెనక చక్రాలు తీసి గొలుసు పట్టాలు తొడిగి నడిపించాడు. అక్కడి డెల్టా నేల ఎంత మెత్తనంటే బరువైన చక్రాలు దిగబడిపోయేవి. ఆ బరువును వెడల్పుగా పరచడానికి వచ్చిన ఏర్పాటు ఇది. రాతి మీద ఆ వెడల్పే చేటు చేస్తుంది. షూ అంటే చైన్‌కు బిగించిన, నేలను తాకే ఇనుప పలక. వెడల్పాటి షూ అంచు ఒక్కటే రాయి మీద పడితే షూ వంగుతుంది, బోల్టులు వదులవుతాయి, ఆ మెలి అంతా లింకుల్ని కలిపే పిన్నుల మీదికి పోతుంది. నేలలో దిగబడకుండా ఉన్నంత వరకు షూ ఎంత సన్నగా ఉంటే అంత మేలు. ఉన్న స్టాకు అయిపోవాలని వెడల్పాటి షూలు రాతి పనికి పంపే యార్డులు చూశాను. అలాంటి చోట మెకానిక్ నోరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత విరిగిన బోల్టులు ఏరుకునేది కూడా మనమే.

డోజర్ మరమ్మతు ఖర్చులో దాదాపు సగం ఈ కింది భాగానికే పోతుందని మా రంగంలో అందరూ అంటారు. చైన్ దొర్లే రోలర్లు, ముందు చైన్ చుట్టి తిరిగే చక్రం ఐడ్లర్, వెనక చైన్‌ను లాగే పళ్ల చక్రం స్ప్రాకెట్, చైన్ ఒకదాన్నొకటి అరగదీసుకుంటూ నడుస్తాయి. లింకులు కలిసే చోట లోపల పిన్ను, దాని మీద గొట్టంలాంటి బుష్షు. స్ప్రాకెట్ పన్ను బుష్షును బయట నుంచి పట్టి లాగుతుంది, పిన్ను లోపల నుంచి తిరుగుతుంది. పిన్నూ, బుష్షు లోపలి ముఖమూ అరిగేకొద్దీ లింకుకూ లింకుకూ మధ్య దూరం పెరుగుతుంది. నాలుగు లింకుల మీద టేపు పెట్టి కొలిస్తే ఆ తేడా తెలుస్తుంది. దూరం పెరిగిన చైన్ స్ప్రాకెట్ పళ్ల మధ్య సరిగ్గా కూర్చోదు, పళ్లు సన్నబడి మొనతేలతాయి. అలాంటి స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే దాన్నీ చేతులారా పాడుచేసినట్టే. బుష్షు హద్దు దాటకముందే చైన్ విప్పి, ప్రెస్ మీద పిన్నులూ బుష్షులూ అరచుట్టు తిప్పి కూర్చోబెడితే అరగని ముఖం పంటి వైపుకు వస్తుంది. హద్దు దాటాక తిప్పినా ఉపయోగం లేదు. అందుకే కొలత రాసిపెట్టుకోవడం ఇంత ముఖ్యం.

ఇక అసలు సంగతి, బిగువు. పైన చైన్ కాస్త జారి కనిపిస్తే చాలు, ఆపరేటర్‌కు మనసొప్పదు. "ఉస్తాద్, చైన్ ఢీలా హై" అని మా పెషావర్ ఖాన్ సాబ్ పొద్దున్నే కేబిన్ లోంచి కేకేస్తాడు. మంచి ఆపరేటర్, కారణం లేకుండా రివర్స్‌లో ఉరికించడు, ఎప్పుడూ ఒకే వైపు తిప్పడు. అందుకే ఆయన యంత్రం చైన్ మిగతావాటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ బిగువు విషయంలో ఆయన మాట నేను వినను. బిగించిన చైన్ ప్రతి పంటి దగ్గరా బుష్షును గట్టిగా ఒత్తుకుంటూ తిరుగుతుంది. అరుగుదల పెరుగుతుంది, ఇంజిన్ బలం కొంత చైన్‌ను ఈడ్వడానికే ఖర్చవుతుంది. మరీ వదులైతే మలుపులో జారిపోతుంది, అదీ నష్టమే. 20 టన్నుల తరగతి పొక్లెయిన్లలో కొన్నింటికి 40 నుంచి 55 మిల్లీమీటర్ల వాలు, అంటే పైన చైన్ కిందికి జారిన లోతు, ఉండాలి. వేరే యంత్రానికి దాని పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. యంత్రాన్ని ఐడ్లర్ వైపుకు నడిపి ఆపి, పై రోలర్ నుంచి ఐడ్లర్ దాకా తిన్నని పట్టీ పెట్టి, మధ్యలో దిగిన లోతు కొలవాలి. అదీ పని చేసే చోటే కొలవాలి. క్రషర్ దగ్గర దుమ్ము అణచడానికి నీళ్లు కొడతారు. ఆ తడి పొడి స్ప్రాకెట్ పళ్ల సందుల్లో గట్టిపడిందంటే యార్డులో సరిగ్గా ఉన్న చైన్ సైటులో వీణ తీగలా బిగుస్తుంది. పార పెట్టి ఆ గార గీకడం హెల్పర్ పని అంటారు. నా లెక్కలో షిఫ్టు మొత్తంలో అంత విలువైన పని ఇంకోటి లేదు.

చైన్ విప్పేటప్పుడు మాత్రం తొందర ప్రాణం మీదికి తెస్తుంది. బిగువును పట్టి ఉంచేది ఐడ్లర్‌ను ముందుకు నెట్టే అడ్జస్టర్ సిలిండర్‌లో ఉన్న గ్రీజు. ఆ గ్రీజు వదిలే రిలీఫ్ వాల్వ్‌ను మెల్లగా, ఒక చుట్టుకు మించకుండా తిప్పాలి, ముఖం దాని ఎదురుగా పెట్టకూడదు. ఆ ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. నొప్పి లేదని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి, గ్రీజు దూరిందని డాక్టర్‌కు చెప్పాలి. అడ్జస్టర్ వెనకున్న స్ప్రింగు టన్నుల బలంతో ముడుచుకుని ఉంటుంది. దాని బోల్టును గ్యాస్ కట్టర్‌తో కోద్దామనే మనిషి పక్కన నిలబడకండి. సుత్తితో పిన్ను కొట్టడం మరో చెడ్డ అలవాటు. గట్టిపరిచిన ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడితే చూపు పోతుంది. ఆ పని ప్రెస్‌తోనే చేయాలి.

గ్రీజు వదిలాక చైన్ విప్పడానికి వీలున్న లింకును, అంటే మాస్టర్ లింక్‌ను, ముందు ఐడ్లర్ దగ్గర అందే ఎత్తుకు తెచ్చి, కింద కట్టెలు పేర్చి బోల్టులు తీస్తాం. కొన్ని టన్నుల ఇనుము నేల మీద పరుచుకుంటుంది. డోజర్‌ను లేపడానికి దాని ముందున్న బ్లేడే, వెనక రాతిని చీల్చే రిప్పరే ఆసరా. పొక్లెయిన్ అయితే బూమ్ పక్కకు తిప్పి బకెట్ నేలకు ఒత్తితే ఆ వైపు లేస్తుంది. లేచింది కదా అని దిమ్మెలు పెట్టకుండా కిందికి దూరొద్దు, ఒక్క హైడ్రాలిక్ పైపు పగిలితే మనిషి మిగలడు. మాస్టర్ లింక్ తిరిగి కలిపేటప్పుడు దాని పళ్లలో ఇసుక రేణువు కూడా ఉండకూడదు. వైర్ బ్రష్ కొట్టి, బోల్టులకు నూనె రాసి, పుస్తకంలో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, ఆపైన చెప్పినంత కోణం తిప్పాలి. గాలి గన్నుతో కొట్టేసి అయిపోయిందనుకున్న బోల్టు రాతిలో ఎక్కువ కాలం నిలవదు.

ఎండాకాలం ఇదంతా రాత్రి షిఫ్టుకు మారుస్తాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మూడు దాటగానే ఇనుము చల్లబడుతుందా? గ్లౌజు లోంచి కూడా చుర్రుమంటుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల నుంచి వచ్చే పిల్లలు హెల్పర్ వీసా మీద దిగి, రెండేళ్లు తిరగకముందే ఈ పనంతా ఒంటి చేత్తో చేసే స్థాయికి వస్తున్నారు. జీతం మాత్రం హెల్పర్‌దే, కాగితం మీద పేరూ హెల్పరే. వేరే కంపెనీలో ఇంటర్వ్యూకు పోతే చేతుల్లో ఉన్న విద్యకు రుజువు ఉండదు. అందుకే ప్రతివాడికీ ఒక నోట్‌బుక్ పెట్టమని చెబుతున్నాను. యంత్రం మోడల్, మీటర్ గంటలు, కొలిచిన వాలు, నాలుగు లింకుల పొడవు, మార్చిన భాగం, తేదీ రాసి, పక్కన ఫోర్‌మన్ సంతకం తీసుకోవాలి. మా మలయాళీ ఫోర్‌మన్ అడిగితే కాదనడు. ఆ నోట్‌బుక్ చూపించి ఇద్దరు ట్రాక్ మెకానిక్‌గా హోదా మార్పించుకున్నారు, మూల జీతమూ పెరిగింది.

ఊళ్లో ఉన్నవాళ్లయితే ఆఫర్ లెటర్‌లో ఏ హోదా రాశారో విమానం ఎక్కకముందే చదివించుకోండి. ఇక్కడున్నవాళ్లు హోదా మార్చమని కాంట్రాక్టు రెన్యూవల్‌కు ముందే అడగండి. సంతకం అయిపోయాక అడిగితే మళ్లీ రెన్యూవల్ వచ్చేదాకా ఆగమంటారు.